అది తినొద్దు, ఇది చేయొద్దు: కడుపుతో ఉన్నప్పుడు వినే ఆంక్షలను ఎలా వడకట్టుకోవాలి

పరీక్షలో రెండు గీతలు కనబడ్డ మర్నాటి నుంచే మొదలవుతుంది. అత్తగారు బొప్పాయి ముట్టుకోవద్దంటారు. అమ్మ ఫోన్ చేసి నువ్వులు వద్దంటుంది. పక్కింటి పిన్నిగారు వంకాయ తింటే బిడ్డకు గజ్జి వస్తుందంటారు. ఆఫీసులో స్నేహితురాలు కాఫీ ఇంకా మానలేదా అని ఆశ్చర్యపోతుంది. ఇక యూట్యూబ్ సంగతి చెప్పనే అక్కర్లేదు. వీళ్ళందరి మాటా విన్నారంటే నెల తిరిగేసరికి మీ కంచంలో అన్నం, చారు, మజ్జిగ మాత్రమే మిగులుతాయి.

అన్నీ మూఢనమ్మకాలే అని కొట్టిపారేస్తే ఇంట్లో గొడవ తప్ప ఒరిగేదేమీ ఉండదు. అన్నీ పాటిస్తే రక్తం తగ్గుతుంది. కాబట్టి ఒక్కొక్కటీ విడదీసి చూసుకోవాలి. ఈ పని మొదటి నెలల్లోనే చేసుకుంటే మంచిది. ఏడో నెల వచ్చేసరికి ఓపికా ఉండదు, వాదించే తీరికా ఉండదు.

ముందుగా రాసుకోండి

ఓ కాగితం మీద మూడు గడులు గీయండి. ఏం వద్దన్నారు, ఎందుకన్నారు, అది మానేస్తే నా కంచంలోంచి ఏం పోతుంది. అసలైనది మూడో గడి. చెప్పింది నిజమా కాదా అనేది తర్వాత తేల్చుకోవచ్చు. పాటిస్తే నేనేం పోగొట్టుకుంటాను అన్నది ముందు తేలాలి.

బొప్పాయినే తీసుకోండి. మన దగ్గర దీనికున్నంత చెడ్డపేరు ఇంకే పండుకీ లేదు. పెద్దవాళ్ళ మాటలో సగం నిజముంది. పచ్చికాయ గీరితే కారే పాలు ఎలుకల గర్భసంచి కండరాన్ని బిగుసుకునేలా చేశాయని 2002లో ఒక ప్రయోగంలో తేలింది. అదే ప్రయోగంలో బాగా పండిన పండు గుజ్జు మాత్రం అలాంటి పని చేయలేదు. కాబట్టి పచ్చి బొప్పాయి కూర, దోరకాయ మానేయడం సబబే. పండు విషయంలో భయం అక్కర్లేదు. అయినా సరే, ఇంట్లో అందరికీ గుండె దడగా ఉంటే పండు కూడా వదిలేయండి. జామకాయ ఉంది, కమలాపండు ఉంది, మామిడిపండు ఉంది. మూడో గడిలో రాయడానికి ఏమీ లేదు.

అనాసపండు కూడా ఇంతే. రెండు ముక్కలు తింటే గర్భం పోదు, తినకపోతే నష్టమూ లేదు. వంకాయ, గుమ్మడికాయ లాంటివి వద్దంటే నవ్వి ఊరుకోండి. ఊళ్ళో ఇంకో పది కూరగాయలున్నాయి.

గుడ్డు వద్దు, ఆకుకూర వద్దు, పప్పు వాతం, పాలు ఎక్కువ తాగొద్దు, నీళ్ళు ఎక్కువ తాగితే ఒళ్ళు నీరు పడుతుంది అన్నారనుకోండి, అప్పుడు మూడో గడి నిండిపోతుంది. గట్టిగా నిలబడాల్సింది ఇక్కడ. మిగతా చోట్ల తగ్గి ఉంటేనే ఇక్కడ మీ మాట చెల్లుతుంది.

"బదులుగా ఏం పెడతారు?" అని అడగండి

వాదన కంటే ఈ ఒక్క ప్రశ్న ఎక్కువ పని చేస్తుంది. మాట ఇలా నడిపించవచ్చు.

"గుడ్డు వేడమ్మా, ఇప్పుడు వద్దు."

"సరే అత్తయ్యా, మీరు వద్దంటే మానేస్తాను. మరి దాని బదులు ఏం పెడతారు? డాక్టరమ్మ బలమైంది రోజూ తినాలంది."

ఇలా అడిగితే వద్దన్న మనిషే వండిపెట్టే బాధ్యత తీసుకుంటుంది. చాలాసార్లు ఒకటి రెండు రోజులు ఆలోచించి "పోనీలే, ఉడకబెట్టిందైతే తిను" అనేస్తారు కూడా. అనకపోయినా బెంగ లేదు, బదులు సరైనదో కాదో మీరు చూసుకోవాలి అంతే. ఒక కోడిగుడ్డులో దాదాపు 6 గ్రాముల మాంసకృత్తులుంటాయి. గరిటెడు పలచని పప్పుచారుతో ఆ లోటు తీరదు. గ్లాసుడు పాలు, లేదా గుప్పెడు శనగ గుగ్గిళ్ళు, లేదా గరిట జారనంత గట్టి ముద్దపప్పు అయితే సరిపోతుంది.

ఇక వేడి, చలవ సంగతి. ఈ లెక్క మన వంటింట్లో ఎంత పాతుకుపోయిందంటే, సైన్సు చెప్పి దాన్ని కదిలించలేరు, కదిలించాల్సిన పనీ లేదు. పెద్దవాళ్ళ లెక్కలోనే దారి ఉంది. మునగాకు వేడి అంటారా, పెసరపప్పులో వేసి వండి, చివర్లో మజ్జిగన్నం తింటానని చెప్పండి. నువ్వులు వేడంటే వాటి జోలికి పోకుండా రాగిజావలో మజ్జిగ కలుపుకుని తాగండి. రాగులు చలవ అని వాళ్ళే ఒప్పుకుంటారు, మీకు కావలసిన కాల్షియం అందులో బోలెడుంది.

కంచంలో ఎంత ఉండాలి?

ఇక్కడ రెండు మాటలు ఒకదానికొకటి అడ్డంగా వినిపిస్తాయి. ఒకరు ఇద్దరి తిండి తినాలంటారు. ఇంకొకరు ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుంది, కాస్త తగ్గించు అంటారు. రెండూ తప్పే. రెండోది మరీ తప్పు. తల్లి తిండి తగ్గిస్తే బిడ్డ 2.5 కిలోల లోపు బరువుతో, జబ్బులకు లొంగేలా పుట్టే అవకాశం పెరుగుతుంది. కాన్పు నొప్పులు తట్టుకునే సత్తువ తల్లికీ ఉండదు.

హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం నాలుగో నెల నుంచి మామూలు తిండి మీద రోజుకు మరో 350 కేలరీలు చాలు. అంటే గ్లాసు పాలు, ఉడికించిన గుడ్డు, అరటిపండు. అంతే. ఇద్దరి తిండి కాదు, ఓ మంచి టిఫిన్ అంత. మామూలు బరువున్న మనిషి తొమ్మిది నెలల్లో 10 నుంచి 12 కిలోలు పెరిగితే బాగున్నట్టు. ముందే బరువు ఎక్కువున్నవాళ్ళకు లెక్క వేరు, డాక్టర్ని అడగాలి.

సీమంతం రోజుల్లో మాత్రం కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. చలిమిడి, సున్నుండలు, అరిసెలు, బంధువులు ఒక్కొక్కరు తెచ్చే స్వీటు డబ్బాలు. సరిగ్గా 24 నుంచి 28 వారాల మధ్యే గర్భిణికి షుగర్ పరీక్ష చేస్తారు. 75 గ్రాముల గ్లూకోజు నీళ్ళు తాగించి రెండు గంటల తర్వాత రక్తం చూస్తారు. 140 లేదా ఆపైన వస్తే చలిమిడి ముద్ద నోట్లో పెట్టించుకుని ఫొటో వరకే ఆగిపోండి.

వేవిళ్ళ నెలల్లో ఈ లెక్కలేవీ పెట్టుకోవద్దు. ఏది ఇముడుతుందో అదే తినండి, కొంచెం కొంచెంగా. లేవగానే మరమరాలో అటుకులో నమిలి, కాసేపాగి మంచం దిగండి. నీళ్ళు కూడా ఇమడకపోయినా, మూత్రం ముదురు పసుపు రంగుకు తిరిగినా, బరువు తగ్గుతున్నా ఆసుపత్రికి వెళ్ళాల్సిందే. వేవిళ్ళన్నాక మామూలే అని ఎవరన్నా వినకండి.

ఎర్ర మాత్ర

కడుపుతో ఉన్నవాళ్ళ రక్తంలో హిమోగ్లోబిన్ 11 కంటే తగ్గితే రక్తహీనత కింద లెక్క. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో గర్భిణుల్లో సగానికి పైగా, 52 శాతం మంది, ఈ స్థితిలోనే ఉన్నారు. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే ఎర్ర ఐరన్ మాత్రలు మాత్రం ఎన్నో ఇళ్ళలో పోపుల డబ్బా వెనకో, అల్మారాలోనో పడి ఉంటాయి. ఎందుకంటే అవి వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుందని ఓ మాట, బిడ్డ బరువెక్కి ఆపరేషన్ అవుతుందని మరో మాట. మాత్ర వేసుకున్నప్పుడు విరేచనం నల్లగా అవుతుంది, నిజమే. అది ఒంటికి పట్టని ఐరన్ బయటకు పోతున్న రంగు. బిడ్డ ఒంటి రంగుతో దానికి సంబంధం లేదు. కుంకుమపువ్వుకీ లేదు. బిడ్డ రంగు మీ ఇద్దరి వంశాల నుంచి వస్తుంది. పాలల్లో నాలుగు రేకలు రుచికి వేసుకుంటే వేసుకోండి, కానీ ఆ డబ్బుతో నెలకు సరిపడా గుడ్లు వస్తాయని మీ ఆయనకు ఓసారి చెప్పి చూడండి.

మాత్ర ఎలా వేసుకోవాలంటే: మొదటి మూడు నెలలు ఫోలిక్ యాసిడ్. నాలుగో నెల నుంచి రోజుకొక ఐరన్ మాత్ర, కనీసం 180 రోజులు. కాన్పయ్యాక మరో 180 రోజులు. తిన్న రెండు గంటలకు, నిమ్మరసం పిండిన నీళ్ళతో మింగితే బాగా పడుతుంది. ముందూ వెనకా గంటసేపు టీ, కాఫీ తాగొద్దు. కాల్షియం మాత్రతో కలిపి వేసుకోవద్దు, రెండింటికీ రెండు గంటల ఎడం ఉండాలి. కడుపులో తిప్పితే రాత్రి భోజనం చేశాక పడుకునే ముందు వేసుకోండి. మలబద్ధకం వస్తే నీళ్ళు, పీచున్న కూరలు పెంచండి. అప్పటికీ తగ్గకపోతే మందు మార్చమని అడగండి, మీరే ఆపేయకండి.

ఇంకో మాట. బలపం, మట్టి, పచ్చి బియ్యం, సుద్దముక్క తినాలని నాలుక లాగుతుంటే సిగ్గుపడి దాచుకోకండి. రక్తం తక్కువైన చాలామందికి ఇలా ఉంటుంది. ఏఎన్‌ఎంకో డాక్టర్‌కో చెప్పి రక్తపరీక్ష చేయించుకోండి. కడుపుతో ఉన్నవాళ్ళ కోరిక తీర్చాలి కదా అని బలపాల డబ్బా కొనిచ్చే భర్తలున్నారు. మట్టితో నులిపురుగులు, సీసం లాంటివి వచ్చే ప్రమాదం ఉంది, ఆ కోరిక తీర్చకూడదు.

ఇంట్లో కంచం మీ చేతిలో లేకపోతే అంగన్‌వాడీకి వెళ్ళండి. తెలంగాణలో 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి పేరుతో ఒకపూట పూర్తి భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు అక్కడే కూర్చోబెట్టి పెడుతున్నారు. అక్కడే తినాలన్న నిబంధన చాలామందికి ఇబ్బందిగా ఉంటుంది. కానీ ఆ గుడ్డు ఇంటికి వస్తే ఎవరి కంచంలోకి వెళ్తుందో ఇల్లాలికి తెలియనిది కాదు.

ఎవరూ వద్దనని వాటి సంగతి

విచిత్రం ఏమిటంటే, నిజంగా మానాల్సిన వాటి గురించి ఇంట్లో ఎవరూ నోరెత్తరు.

కల్లు చలవ చేస్తుందని కొన్ని ఊళ్ళలో గర్భిణికి కూడా ఇస్తారు. అది మద్యమే. గర్భంలో ఇంత తాగితే ఫరవాలేదు అనే హద్దు ఏదీ లేదు. శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో ఆడవాళ్ళకు అడ్డపొగ అలవాటుంది, చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని తాగుతారు. ఆ పొగ, ఖైనీ, గుట్కా, పొగాకు వేసిన కిళ్ళీ, అన్నీ బిడ్డ బరువును తగ్గించేవే. భర్త ఇంట్లో సిగరెట్ కాల్చడమూ ఈ లెక్కలోదే. వేడి అంటూ మీకు అనాసముక్క ఇవ్వనివాళ్ళు ఆయన్ని గుమ్మం అవతలికి పంపాలి ముందు.

నడుం నొప్పికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి డాక్టర్ చెప్పకుండా వేసుకోవద్దు, ముఖ్యంగా ఐదో నెల దాటాక. పేరు తెలియని నాటుమందు, కషాయం కూడా అంతే. ముందు నుంచి మొటిమలకో, మూర్ఛకో, బీపీకో మందులు వాడుతుంటే మొదటి చెకప్‌లోనే చూపించండి. మూర్ఛ మందు భయపడి మీ అంతట మీరు ఆపడం ఇంకా ప్రమాదం.

నీళ్ళు కాచి చల్లార్చి తాగండి. కలుషితమైన నీళ్ళతో వచ్చే హెపటైటిస్ ఇ అనే కామెర్లు మామూలు మనుషులకు చాలావరకు తగ్గిపోతాయి, చివరి నెలల్లో ఉన్న గర్భిణికి ప్రాణం మీదికి తెస్తాయి. పానీపూరీ వద్దనేది ఈ కారణానికే, మసాలాకు భయపడి కాదు. పచ్చిపాలు, సగం ఉడికిన మాంసం, పచ్చిగుడ్డు వేసిన మయోనైజ్ కూడా పక్కన పెట్టండి.

చేపలు వద్దనేవాళ్ళ మాట మాత్రం వినకండి. నెత్తళ్ళు, కవళ్ళు, కానాగంతలు లాంటి చిన్న చేపలు బిడ్డ మెదడుకు చాలా మంచివి. సొర లాంటి పెద్ద చేపల్లో పాదరసం పోగుపడుతుంది కాబట్టి అవి వద్దు. సొరచేపతో వండే సొరపుట్టు తింటే బాలింతకు పాలు పడతాయని తీరంలో పెద్ద నమ్మకం, కానీ ఇప్పుడు దాని జోలికి వెళ్ళొద్దు. కాఫీ పూర్తిగా మానక్కర్లేదు. కెఫీన్ రోజుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదంటారు, అంటే ఇంట్లో చిన్న గ్లాసుతో రెండుసార్లు.

గ్రహణం వస్తే

ముందు రోజే ఇంట్లో ఒప్పందం చేసుకోండి. గదిలో ఉండమన్నారా, ఉండండి. కత్తి పట్టొద్దు, కూర తరగొద్దు అన్నారా, హాయి. గడప మీద దర్భ వేస్తారా, వేయనివ్వండి. ఒప్పుకోకూడనివి మూడే: గంటల తరబడి తిండీ నీళ్ళూ లేకుండా ఉండటం, మందు వేళ తప్పించడం, కదలకుండా వెల్లకిలా పడుకుని మూత్రానికి కూడా లేవకపోవడం.

గ్రహణం పట్టకముందే కడుపునిండా తినండి. మంచం పక్కన నీళ్ళసీసా, అరటిపండు, ఖర్జూరం పెట్టుకోండి. వాటి మీద ఓ దర్భపోచ ఉంటే మీ అత్తగారికీ తృప్తి. షుగర్ ఉండి ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు వేళ అస్సలు తప్పకూడదు.

గ్రహణం మొర్రి భయం మీకూ లోపల ఉంటే ఇది గుర్తుపెట్టుకోండి. బిడ్డ పై పెదవి గర్భం 4 నుంచి 7 వారాల మధ్య అతుక్కుంటుంది, అంగిలి 6 నుంచి 9 వారాల మధ్య. ఐదో నెలలో వచ్చిన గ్రహణం అప్పటికే తయారైన పెదవిని చీల్చలేదు. మొర్రికి కారణాలు వంశంలో, తొలి వారాల్లో తల్లి తాగిన పొగలో, అదుపులో లేని షుగర్‌లో, కొన్ని మందుల్లో ఉంటాయి.

ఉపవాసాలకూ ఇదే పద్ధతి. కార్తీక సోమవారం దీపం పెట్టండి, పస్తు ఉండకండి. గర్భిణులకు రంజాన్ ఉపవాసాల నుంచి మినహాయింపు ఉందని ఆ మతపెద్దలే చెబుతారు.

పని, పడక, ప్రయాణం

పక్కకు తిరగాలంటే లేచి కూర్చుని తిరగాలి, లేకపోతే పేగు బిడ్డ మెడకు చుట్టుకుంటుందని చెప్పని ఇల్లుండదు. పేగు చుట్టుకునేది బిడ్డ లోపల తిరగడం వల్ల, మీరు దొర్లడం వల్ల కాదు. చాలామంది పిల్లలు మెడకు పేగుతోనే పుట్టి చక్కగా ఏడుస్తారు. ఏడో నెల నుంచి పక్కకు తిరిగి పడుకోండి, నిద్రలో వెల్లకిలా తిరిగారని టెన్షన్ పడకండి.

మంచం దిగొద్దనేది డాక్టర్ చెబితేనే పాటించాలి. ఏ ఇబ్బందీ లేని గర్భిణి రోజూ అరగంట నడవడం మంచిది. వంగి ఇల్లు తుడిస్తే కాన్పు సులువు అన్న మాటను మాత్రం బిందెలు మోయించడానికి వాడుకోనివ్వకండి. బరువులు ఎత్తడం, ఎండలో గంటల తరబడి నాట్లు, కలుపు, రోజంతా నిలబడి చేసే ఉద్యోగం, వీటిని తగ్గించుకోవాలి. కారులో బెల్టు మానొద్దు. కింది పట్టీ పొట్ట కింద, తుంటి మీదుగా రావాలి.

వండేవాళ్ళను వెంట తీసుకెళ్ళండి

చెకప్‌కు భర్తతో వెళ్ళడం సరే. ఒక్కసారైనా అత్తగారినో అమ్మనో, ఎవరు వండితే వాళ్ళను, లోపలిదాకా తీసుకెళ్ళండి. ప్రతి నెల 9న ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ప్రత్యేకంగా ఉచిత పరీక్షలు చేస్తారు, ఆ రోజైతే వీలు. లోపలికి వెళ్ళాక మీరు మాట్లాడకండి. "మా అత్తయ్యగారే చూసుకుంటున్నారు డాక్టర్, ఏం పెట్టాలో ఆవిడకే చెప్పండి" అనండి. మీరు పదిసార్లు చెప్పినా వినని మాట అక్కడ ఒక్కసారికే చెవికెక్కుతుంది. ఇంటికొచ్చాక ఆవిడే పక్కింటి పిన్నిగారికి చెబుతారు.

ముహూర్తం దగ్గర

చివర్లో వచ్చే ఆంక్ష తిండిది కాదు, తేదీది. తెలంగాణలో 2019-21 సర్వే నాటికి నూటికి 60 కాన్పులు ఆపరేషన్లే. ఎలాగూ కోస్తారు కదా అని నక్షత్రం చూసి తేదీ పెట్టడం మన దగ్గర మామూలైపోయింది. వైద్యపరమైన కారణం లేకుండా 39 వారాలకు ముందు ఏ ముహూర్తానికీ ఒప్పుకోకండి. ముందు తీసిన పిల్లలకు ఊపిరి ఇబ్బందులు ఎక్కువ. సిద్ధాంతిగారికే 39 వారాలు దాటాకే చూడమని చెప్పండి, ఆయనకు ఆ తర్వాత కూడా మంచిరోజులు దొరుకుతాయి.

రక్తం కనబడినా, ఉమ్మనీరు కారినా, తల పగిలిపోయేలా నొప్పి వచ్చినా, కళ్ళు మసకబారినా, ముఖం ఉబ్బినా, ఫిట్స్ వచ్చినా, జ్వరం తగ్గకపోయినా, బిడ్డ కదలిక తగ్గిందనిపించినా మంగళవారం, అమావాస్య, వర్జ్యం ఏవీ చూడక్కర్లేదు. 108కి ఫోన్ చేసి బయల్దేరండి. చెకప్ కార్డు, రక్తపరీక్ష కాగితాలు, ఆధార్ ఒకే సంచిలో పెట్టి తలుపు పక్కన తగిలించి ఉంచండి.